వినియోగదారు మనస్తత్వ ప్రొఫైళ్లు, కంఫర్ట్ జోన్: ఉస్మానియా–తార్నాక పరిసరాల ఆధారంగా

వినియోగదారు మనస్తత్వ ప్రొఫైల్ అంటే కొనేవారి వయసు, ఆదాయం, చిరునామాలతో ఆగకుండా వారి ఇష్టాలు, జంకులు, అలవాట్లు, కొత్తదనం మీద మొగ్గు వంటివి నమోదు చేసే చిత్రణ. కంఫర్ట్ జోన్ అంటే అలవాటైన సరుకులు, దారులు, రుచులు, మనుషుల మధ్య పెద్దగా ఆలోచించకుండానే రోజు గడిచిపోయే పరిధి. ఈ రెండింటి సంబంధం మీద మార్కెటింగ్ వాళ్లకు ఎప్పటినుంచో కన్ను ఉంది. గిరి గీసుకుని కూర్చునేవారెవరో, దాటి వచ్చి కొత్త సరుకు ముట్టుకునేవారెవరో ముందే తెలిస్తే ప్రకటన ఖర్చు ఎంతో కలిసొస్తుంది. అయితే గత యాభై అరవై ఏళ్ల పరిశోధన చెప్పేది కొంచెం వేరు. మనిషి మొగ్గు ఎటో ప్రొఫైల్ చెప్పగలదు. గిరి దాటించేది మాత్రం చాలాసార్లు మారిన పరిస్థితి, పక్కనున్న స్నేహితుడు, పోతే పోయిందనుకోగల చిన్న ఖర్చు.

ఇది గమనించడానికి హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాన్ని ఆనుకుని ఉన్న తార్నాక మంచి చోట్లు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం నేటికీ గుర్తు. ఏటా పాలమూరు, నల్లగొండ, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చే పిల్లలు ఇక్కడి హాస్టళ్లలో దిగుతారు. వీరిలో చాలామంది ఇంట్లో డిగ్రీ దాటి చదివిన మొదటి తరం. క్యాంపస్‌ను ఆనుకునే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. కూడలి మీదుగా నాగోలు–అమీర్‌పేట మెట్రో 2017 నవంబరులో మొదలైంది. కాలనీల్లో విశ్రాంత శాస్త్రవేత్తలు, రైల్వే ఉద్యోగులు, గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే కుర్రాళ్లు ఒకే వీధిలో కిరాణా కొంటారు.

ప్రొఫైళ్ల పుట్టుక

మొదట్లో కంపెనీలు జనాన్ని వయసు, ఆదాయం, చదువులతోనే విడగొట్టేవి. మన దేశంలో మార్కెట్ సర్వేలకు 2011లో వచ్చిన కొత్త వినియోగదారు వర్గీకరణ కూడా అలాంటిదే. ఇంటికి ప్రధాన సంపాదనపరుడి చదువు ఎంత, పదకొండు వస్తువుల జాబితాలో ఇంట్లో ఎన్ని ఉన్నాయి అన్న రెండు ప్రశ్నలతో ఏ1 నుంచి ఈ3 దాకా తరగతులు తేలుస్తారు. ఫ్యాను, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, కారు, చివరికి వ్యవసాయ భూమి కూడా ఆ జాబితాలో ఉన్నాయి. లెక్క సులువే. కానీ అదే తరగతిలో పడిన రెండు ఇళ్లలో ఒకరు ముప్పై ఏళ్లుగా ఒకే టీ పొడి వాడుతుంటారు, ఇంకొకరు నెలకో రకం తెస్తారు. ఇంట్లో సామాను లెక్కపెడితే ఆ తేడా బయటపడదు.

ఆ తేడాను పట్టుకోవడానికి 1971లో విలియం వెల్స్, డగ్లస్ టైగర్ట్ వ్యాపకాలు, ఆసక్తులు, అభిప్రాయాల మీద ప్రశ్నావళి ఉపయోగాన్ని వివరించారు. 1978లో అమెరికాలోని ఎస్ఆర్ఐ సంస్థలో ఆర్నల్డ్ మిచెల్ విలువలు, జీవనశైలి ఆధారంగా జనాన్ని తొమ్మిది రకాలుగా విభజించిన 'వాల్స్' పద్ధతి తెచ్చాడు. 1989లో దాన్ని మార్చి, సామాజిక విలువల బదులు మనస్తత్వ లక్షణాలకు పెద్దపీట వేశారు. వీటికి ముందే, 1962లో, ఎవెరెట్ రోజర్స్ కొత్త విషయాలు సమాజంలో ఎలా పాకుతాయో రాస్తూ జనాన్ని ఐదు గుంపులు చేశాడు: అందరికన్నా ముందు దూకే 2.5 శాతం, వారి వెనకాల 13.5 శాతం, తర్వాత చెరో 34 శాతం, అందరూ అయ్యాక వచ్చే 16 శాతం. ఈ అంకెలు సర్వేలో దొరికినవి కావు. గంట ఆకారపు గణాంక వక్రాన్ని సగటు నుంచి ఎంత దూరమన్నదాన్ని బట్టి కోసి తీసినవి. ఎంబీఏ క్లాసుల్లో వీటిని ప్రకృతి నియమంలా ఒప్పజెప్పడం చూస్తే రోజర్స్‌కే నవ్వొచ్చి ఉండేది.

కంఫర్ట్ జోన్‌కు దగ్గరగా వచ్చే కొలమానాలు మూడు నాలుగు ఉన్నాయి. మార్టిన్ జుకర్‌మన్ 1964లో ఉత్తేజాన్వేషణ కొలబద్ద తయారుచేశాడు. పి.ఎస్.రాజు 1980లో ప్రచురించిన పరిశోధనలో, ఒక్కొక్కరికి తమకు సరిపోయే ఉత్తేజపు మోతాదు ఒకటి ఉంటుందనీ, అది ఎక్కువ కావలసినవారు కొత్త బ్రాండ్లు ప్రయత్నించడానికీ, కొత్త దుకాణాల గురించి వాకబు చేయడానికీ ముందుంటారనీ చూపాడు. చిన్న వయసు, ఎక్కువ చదువు ఉన్నవారిలో ఆ మోతాదు ఎక్కువ. 1996లో బౌమ్‌గార్ట్‌నర్, స్టీన్‌క్యాంప్ ఈ అన్వేషణను రెండుగా విడదీశారు: కొత్త వస్తువు కొని చూడటం ఒకటి, ఊరికే తెలుసుకోవడం కోసం తిరగడం రెండోది. తార్నాకలో ఆదివారం సాయంత్రం షోరూములన్నీ తిరిగి, ధరలన్నీ అడిగి, చివరికి పాత కొట్లోనే పాత సబ్బు కొని ఇంటికెళ్లే పెద్దమనిషిలో రెండోది నిండుగా ఉంటుంది, మొదటిది సున్నా.

ఒక తెలుగు ప్రయోగం

మనస్తత్వ కొలతతో మనిషిని అలవాటైన గీత దాటించవచ్చా అన్న ప్రశ్న మీద ప్రపంచంలో పేరుపొందిన ప్రయత్నాల్లో ఒకటి తెలుగు నేల మీదే జరిగింది. హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారులను హైదరాబాద్ యూసఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థకు (ఇప్పటి జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల సంస్థకు) రప్పించి సాధనా ప్రేరణ శిక్షణ ఇప్పించాడు. బొమ్మ చూపి కథ చెప్పమని, ఆ కథలోంచి మనిషి ప్రేరణల చిత్రం గీయడం ఇందులో ఒక భాగం. రింగులు విసిరే ఆట ఇంకొకటి. కర్రకు ఎంత దూరం నుంచి విసరాలో ఆడేవాళ్లే ఎంచుకోవాలి. సాధన మీద తపన ఉన్నవారు కర్ర పక్కనే నిలబడరు, అందనంత దూరమూ పోరు. కష్టపడితే పడుతుందనిపించే దూరంలో నిలబడతారు.

మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ప్రచురించిన పుస్తకం ప్రకారం, శిక్షణ పొందిన వ్యాపారులు తర్వాతి కాలంలో మిగతావారికన్నా చురుగ్గా కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారు, కొత్తగా పనివాళ్లను పెట్టుకున్నారు. సంప్రదాయ విశ్వాసాలు అందుకు అడ్డు రాలేదు. ఇది వ్యాపారుల కథే, వినియోగదారులది కాదు. కానీ ఈ వ్యాసానికి అవసరమైన రెండు సంగతులు ఇందులో ఉన్నాయి. ప్రొఫైల్ నుదుటి రాత కాదు, శిక్షణతో మారుతుంది. గీత దాటడమంటే గుడ్డిగా దూకడం కాదు, అందీ అందని దూరాన్ని ఎంచుకోవడం.

కంఫర్ట్ జోన్ వెనుక ఉన్న శాస్త్రం

కంఫర్ట్ జోన్ అనే మాటకు ప్రచారం తెచ్చింది ప్రయోగశాల కాదు, మేనేజ్‌మెంట్ పుస్తకాలు. 1991లో జూడిత్ బార్డ్‌విక్, 2009లో అలస్డేర్ వైట్ దీన్ని ఉద్యోగుల పనితీరుకు ముడిపెట్టారు. మూలం వెతికేవారు 1908 నాటి యెర్క్స్–డాడ్సన్ ప్రయోగం దాకా వెళ్తారు. అది ఎలుకలకు కరెంటు షాకులిచ్చి నేర్పించిన ప్రయోగం. కష్టమైన పని నేర్చుకోవడానికి మధ్యస్థమైన షాకు బాగా పనిచేసిందని తేలింది. అక్కడి నుంచి 'కంఫర్ట్ జోన్ దాటితేనే విజయం' అనే పోస్టరు దాకా దూకడం శాస్త్రం చేసిన పని కాదు, పోస్టర్లమ్మేవాళ్లు చేసిన పని.

గట్టి ఆధారం ఉన్నది వేరే చోట. 1988లో విలియం శామ్యూల్సన్, రిచర్డ్ జెక్‌హౌజర్ యథాస్థితి మీద మనిషికుండే పక్షపాతాన్ని చూపించారు. ఎంపికలు సమానంగా ఉన్నా, ఇప్పుడున్నదే మేలనిపిస్తుంది. అంతకుముందే 1968లో రాబర్ట్ జాయెన్స్, ఊరికే పదే పదే కంటబడిన వస్తువు మీద కూడా ఇష్టం పెరుగుతుందని నిరూపించాడు. కాబట్టి అలవాటైనదాన్ని పట్టుకు వేలాడేవారిని సోమరులనడం అన్యాయం. తెలిసిన సరుకు తెలిసిన ఫలితమిస్తుంది, తెలియనిదానితో నష్టం రావచ్చు. జగదీశ్ సేఠ్ 1981లో కొత్తదనం పట్ల ప్రతిఘటనకు అలవాటు, నష్టభయం అనే రెండే ప్రధాన కారణాలన్నాడు. 1989లో ఎస్.రామ్‌తో కలిసి రాస్తూ, వాడకం, విలువ, నష్టభయం, సంప్రదాయం, పేరు అనే అడ్డంకులుగా వాటిని విడదీశాడు.

హాస్టల్‌లో మొదటి నెలలు

వెండీ వుడ్, సహ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనం ఉస్మానియాకు చక్కగా అతుకుతుంది. ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంకోదానికి మారిన అమెరికన్ విద్యార్థుల వ్యాయామం, పత్రిక చదవడం, టీవీ చూడటం వంటి అలవాట్లను మారకముందూ మారాకా గమనించారు. పరిసరాలు పాత చోటు లాగే ఉన్నవారిలో అలవాటు నిలబడింది. పరిసరాలు మారినవారిలో అలవాటు పట్టు సడలి, మనిషి అసలు ఏమనుకుంటున్నాడో అది పైకి వచ్చింది. 1984లో అలన్ ఆండ్రియాసెన్ కూడా పెళ్లి, ఉద్యోగం, ఊరు మారడం వంటి మలుపుల్లో జనం బ్రాండ్లు మార్చే అవకాశం పెరుగుతుందన్నాడు. తర్వాత బాస్ వెర్‌ప్లాంకెన్ దీన్ని ఒక సిద్ధాంతంగా మలచి, ఇల్లు మారిన మొదటి మూడు నెలల్లోనే ఈ కిటికీ ఎక్కువగా తెరుచుకుని ఉంటుందని చూపాడు.

హాస్టల్‌కు కొత్తగా వచ్చిన పిల్లల సామాను చూస్తే ఈ సిద్ధాంతం కళ్లముందు కనబడుతుంది. ఇంటి నుంచి తెచ్చిన మామిడికాయ తొక్కు సీసా, అమ్మ వాడే సబ్బే నాలుగు, అదే తలనూనె. సీసా ఖాళీ అయ్యేలోపు మెస్ రుచి అలవాటవుతుంది. సబ్బులు అయిపోయిన రోజు కొట్టుకెళ్తే, రూమ్మేటు వాడే సబ్బు పేరు నోటికొస్తుంది. ప్రొఫైల్ ప్రశ్నావళి ఇంటి దగ్గర నింపితే ఒక మనిషి, మూడు నెలల తర్వాత ఇక్కడ నింపితే ఇంకో మనిషి. కొట్టు ముందు వేలాడే షాంపూ సాచెట్ల దండలు కూడా ఈ అవసరానికే పుట్టాయి. 1980ల్లో చిక్ వంటి సాచెట్లు దక్షిణాది పల్లెల్లోకి చొచ్చుకుపోవడానికి కారణం ధర ఒక్కటే కాదు, నచ్చకపోతే పోయేది కొద్ది పైసలే. అంతకు ముందే 1943లో అయోవా రైతుల మీద రయాన్, గ్రాస్ చేసిన అధ్యయనంలో రైతులు హైబ్రిడ్ మొక్కజొన్నను మొదట పొలంలో ఓ మూల చల్లి చూశారని తేలింది. సాచెట్ కొనే విద్యార్థి తర్కమూ అదే.

తిండి దగ్గర ఈ విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1992లో ప్యాట్రీషియా ప్లైనర్, కరెన్ హాబ్డెన్ కొత్త తిండి పట్ల జంకును కొలిచే పది వాక్యాల కొలబద్ద తయారుచేశారు. కానీ ఏది కొత్త? సాయంత్రం రోడ్డు పక్క పొయ్యి పెట్టి జొన్న రొట్టెలు కొట్టే ఆవిడ దగ్గర నిలబడితే ఇద్దరు గిరాకీలు కనబడతారు. షుగరు వచ్చిందని డాక్టరు చెబితే మొదటిసారి రొట్టె కొంటున్న కాలనీ ఉద్యోగి ఒకరు. అన్నం తినీ తినీ విసిగి, ఇంటి మీద బెంగతో వచ్చిన నారాయణపేట కుర్రాడు ఇంకొకరు. ఒకే రొట్టె మొదటివాడికి గిరి దాటడం, రెండోవాడికి గిరిలోకి తిరిగి రావడం. అమ్మకాల పద్దులో మాత్రం ఇద్దరూ 'ఆరోగ్య స్పృహ ఉన్న వినియోగదారులు' అనే ఒకే గడిలో పడతారు.

ఆ కుర్రాడే శనివారం రాత్రి నలుగురితో కలిసి మందీ తినడానికి వెళ్తాడు. బార్కస్‌లోని యెమెన్ మూలాల కుటుంబాల నుంచి నగరమంతా పాకిన ఈ పళ్లెం తిండిని ఒంటరిగా తినడం అరుదు. నలుగురు పంచుకుంటే డబ్బు నష్టం నాలుగో వంతు, నచ్చలేదని చెప్పుకునే సిగ్గు అసలుండదు. రెబెకా రాట్నర్, బార్బరా కాన్ 2002లో చూపిందేమిటంటే, నలుగురు చూస్తుండగా ఎంచుకునేటప్పుడు మనిషి ఏకాంతంలో కన్నా ఎక్కువ వైవిధ్యం కోరుకుంటాడు, ఎప్పుడూ అదే తింటే విసుగు మనిషి అనుకుంటారేమోనని. అంటే కొత్తదనం మీద మొగ్గుగా ప్రొఫైల్‌లో చేరేదాంట్లో కొంత భాగం స్నేహితుల ముందు వేసిన వేషం.

బంద్‌లు, రద్దులు, ఉచితాలు

అలవాటు మార్చుకోవడానికి మనిషి నిర్ణయమే తీసుకోనక్కర్లేదు, కొన్నిసార్లు దారి మూసేస్తే చాలు. 2014 ఫిబ్రవరిలో లండన్ భూగర్భ రైలు సిబ్బంది రెండు రోజుల సమ్మె చేశారు. కొన్ని స్టేషన్లు మూతపడి జనం వేరే దారులు పట్టారు. సమ్మె ముగిశాక కూడా దాదాపు 5 శాతం మంది కొత్త దారిలోనే ఉండిపోయారని లార్కమ్, రౌచ్, విలెమ్స్ 2017లో తేల్చారు. ఏళ్లుగా వాళ్లు పోయిన పాత దారి మెరుగైనది కాదని అర్థం. 2019 అక్టోబరు 5 నుంచి తెలంగాణ ఆర్టీసీ కార్మికులు చేసిన 52 రోజుల సమ్మెలో తార్నాక మెట్రో స్టేషన్ మెట్లు మొదటిసారి ఎక్కినవాళ్లు చాలామంది. టికెట్ యంత్రం ముందు తడబడి, గేటు దగ్గర టోకెన్ ఎక్కడ ఆనించాలో వెనకవాళ్లను అడిగి వెళ్లినవాళ్లు.

నోట్ల రద్దు ఇంకా పెద్ద పాఠం. 2016 నవంబరు 8 రాత్రి రద్దయిన 500, 1000 నోట్లు విలువలో చలామణి నగదుకు 86 శాతం. యూపీఐ అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది. రోజర్స్ లెక్కలో చివరి 16 శాతంలో ఉండాల్సిన కిరాణా దుకాణదారులు ముందు వరుసలోకి వచ్చి పడ్డారు. నగదు తిరిగి వచ్చాక కూడా డిజిటల్ చెల్లింపులు తగ్గిపోలేదని క్రూజే, గుప్తా, మెజ్జనోటి 2023లో ప్రచురించిన అధ్యయనం చెబుతోంది. ఈ రోజు తార్నాకలో టీ బండి మీద డబ్బు అందిందని మోగే సౌండ్ బాక్సుకు ఆ షాకు ఒక మూలం. దీన్ని గొప్ప సంస్కరణ అనడానికి మాత్రం నోరు రాదు. బ్యాంకు క్యూల్లో నిలబడినవారిది ఎంపిక కాదు.

దీనికి మృదువైన రూపం 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం. మహిళలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది. ధర తగ్గడానికీ, సున్నా కావడానికీ మనసులో చాలా తేడా ఉంటుందని షంపానియర్, మజార్, ఏరియలీ 2007లో చూపించారు. సున్నా దగ్గర నష్టభయం పూర్తిగా పోతుంది. ఇంటికీ మార్కెట్‌కీ మధ్యే తిరిగిన ఆడవాళ్లు టికెట్ లెక్క వేసుకోకుండా బస్సెక్కడానికి ఇది తోవ తీసింది.

పోషకాహార సంస్థ పాత్ర

1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన పరిశోధన కేంద్రం 1958లో హైదరాబాద్ వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. వినియోగదారుల అలవాట్లు మార్చే పని దీని నిత్యకృత్యం. 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ప్యాకెట్ల మీది లేబుల్ చదవాలన్నది ఒకటి. చక్కెర లేదని రాసిన సరుకులో కొవ్వు దండిగా ఉండవచ్చనీ, పండు బొమ్మ ఉన్న పానీయంలో పండు పిసరంతే ఉండవచ్చనీ సంస్థ హెచ్చరించింది. చిరుధాన్యాల విషయంలోనూ చిక్కు ఒకటుంది. కొర్రలు, అరికలు మంచివని అందరికీ తెలుసు, అయినా ఒకసారి వండి వదిలేస్తారు. లియాన్ బర్చ్, డయాన్ మార్లిన్ 1982లో రెండేళ్ల పిల్లలకు కొత్త తిండి పదే పదే రుచి చూపిస్తే ఇష్టం పెరిగిందని చూపారు. ఒక్కసారి వడ్డించి నచ్చలేదని తీర్పు చెప్పడం తొందరపాటు.

ప్రొఫైలే గిరి అయినప్పుడు

ఇప్పటి ప్రొఫైళ్లు ప్రశ్నావళితో తయారు కావు, ఫోను మీద వేళ్ల కదలికలతో తయారవుతాయి. 2017లో శాండ్రా మాట్జ్ బృందం ఫేస్‌బుక్ వాడకందారుల బహిర్ముఖత్వాన్ని లైకుల ద్వారా అంచనా వేసి, స్వభావానికి సరిపోయే ప్రకటన చూపితే కొనుగోళ్లు దాదాపు 50 శాతం దాకా పెరిగాయని ప్రకటించింది. మనిషికి సరిపోయేది చూపితే కొంటాడు. దీని రెండో ముఖం గురించి అంతగా మాట్లాడుకోరు. నిన్న నువ్వు చూసినదాన్ని బట్టి ఈ రోజు చూపిస్తే, ఈ రోజు చూసినదాన్ని బట్టి రేపు చూపిస్తే, ప్రొఫైల్ వర్ణన కాదు, కంచె అవుతుంది. ఉద్యోగాల కోచింగ్ వీడియోలు చూసే విద్యార్థికి కోచింగ్ ప్రకటనలే వస్తాయి. ఆ కుర్రాడికి పక్కనే ఉన్న ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో విదేశీ భాష నేర్చుకోవచ్చన్న ఆలోచన ఫోను నుంచి రాదు, క్యాంటీన్‌లో ఎవరో చెబితే వస్తుంది.

అలాగని మార్పు ఏదైనా మంచిదేనని కాదు. స్టీవెన్ లెవిట్ ప్రయోగంలో బొమ్మా బొరుసా వేసి నిర్ణయం తీసుకున్నవారిలో, మార్పు వైపు వెళ్లినవారు ఆరు నెలల తర్వాత ఎక్కువ సంతోషంగా ఉన్నామన్నారు. అయితే వాళ్లంతా అప్పటికే మారాలా వద్దా అని ఊగిసలాడుతున్నవారు. 2022లో కైట్లిన్ వూలీ, అయలెట్ ఫిష్‌బాక్ అసౌకర్యాన్ని ప్రగతికి గుర్తుగా చూడమని చెప్పినవారు కొత్త పనిలో ఎక్కువసేపు నిలబడ్డారని చూపారు. అక్కడి పనుల్లో ఒకటి వేదిక మీద అప్పటికప్పుడు నటించడం. అప్పు చేసి కొత్త ఫోను కొనడం ఆ కోవలోకి రాదు. 'గిరి దాటు' అనే ప్రకటన వెనుక చాలాసార్లు ఉండేది ఈఎమ్ఐ. అలవాటును వాడుకుని డబ్బు గుంజే పద్ధతులూ ఉన్నాయి: నెల ఉచితమని చేర్చుకుని, రద్దు బటన్ దాచేసి, యథాస్థితి పక్షపాతం మీద బతికే చందాలు.

చట్టం ఈ వైపు కొంత కదిలింది. కార్డుల మీద ప్రతినెలా తానంతట తాను కోతపడే చెల్లింపులకు ముందురోజే సమాచారం ఇవ్వాలన్న రిజర్వ్ బ్యాంకు నియమం 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న చందా ఉచ్చు, దొంగ తొందర, బుట్టలో దొంగచాటుగా సరుకు చేర్చడం వంటి 13 మోసపు పద్ధతులను నిషేధించింది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపువారి ప్రవర్తనను వెంబడించి ప్రకటనలు గురిపెట్టడాన్ని నిషేధించింది. తన గురించి ఏ డేటా ఉంచుకున్నారో అడిగే హక్కు, సరిదిద్దించుకునే హక్కు, తొలగించమనే హక్కు పౌరుడికి ఇచ్చింది. దీని నియమావళి 2025 నవంబరులో నోటిఫై అయింది, అమలు దశలవారీగా జరుగుతుంది. రద్దు కాని చందా, అడగకుండా బిల్లులో చేరిన సరుకు వంటివాటి మీద ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. తెలుగులోనూ మాట్లాడవచ్చు.